చేజోడు

బూడిద జ్వరం బారినపడిన గాజుల నూకరత్నం బతికి బయటపడి ఇంటికొస్తోందని తెలిసి కాలవగట్టు వీధంతా సంతోషించింది. కాకపోతే ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి సంతోషించారు. ఆమె ఆటో దిగి మొగుడి వెనకాల నెమ్మదిగా నడిచొస్తుంటే రెండు పక్కలా తలుపుల్లోంచి పలకరింపులు.

"వచ్చేసేవా రత్నం! ఎంత చిక్కిపోయేవే!"

"అమ్మతల్లి చల్లగా చూసింది. అటూ ఇటూ తిరక్కుండా కొన్నాళ్లు ఇంట్లోనే పడుకో!"

ఆ సలహాలో ఆమె ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధ ఉందో తమ ఆరోగ్యం మీదా అంతే ఉంది. మెట్టు దిగిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. అయినా నూకరత్నం ఎవరినీ తప్పుపట్టలేదు. ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మొగుడు సత్తిరాజుకి వంతులేసుకుని క్యారేజీలు పంపింది ఈ వీధే. నూకాలమ్మకి మొక్కుకున్నదీ ఈ ఆడవాళ్లే. తను బతికిందంటే సగం వీళ్ల చలవే అని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. మిగతా సగం ఎవరి చలవో తెలుసుకోవాలనే ఆమె తపన.

బూడిద జ్వరం గాలిలో రాదు, నీళ్లలో రాదు. ముట్టుకుంటే వస్తుంది. తగ్గినవాళ్ల నుంచి ఇక ఎవరికీ అంటదని రావులపాలెం సెంటర్లో మైకు పెట్టి మరీ చెప్పారు. మైకులో మాట చెవికెక్కుతుంది గానీ చేతికెక్కడానికి చాలాకాలం పడుతుంది.

నూకరత్నం బతుకేమో చేతుల మీదే. గాజులు ఎవరైనా అమ్ముతారు, తొడగడం వేరు. ఎదుటి మనిషి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, వేళ్లు దగ్గరకి మడిచి, కణుపులు మెల్లగా పిసికి, ఆమె అత్తగారి ముచ్చట ఏదో ఎత్తి నవ్విస్తూ, ఆ నవ్వులో చెయ్యి వదులైన క్షణాన గాజుని మణికట్టుకి జార్చెయ్యాలి. ఆ వీధిలో ఏ చేతికి ఏ సైజు పడుతుందో, ఏ ఎముక మొండికేస్తుందో ఆమె కళ్లు మూసుకుని చెప్పగలదు. అలాంటి మనిషికి ఇప్పుడు చెయ్యిచ్చేవాళ్లు లేరు.

*

ఆసుపత్రి సముద్రపొడ్డున ఉంది. నూకరత్నాన్ని అద్దాల గదిలో పెట్టారు. లోపలికొచ్చే నర్సులు తలనుంచి పాదాలదాకా మందపాటి సూట్లలో ఉండేవారు. వాళ్లు మంచివాళ్లే, కానీ ఆ తొడుగుల మీదుగా చెయ్యేస్తే దిండు తగిలినట్టు ఉండేది. సత్తిరాజుని ఇల్లు కదలొద్దన్నారు. ఒళ్లంతా బూడిద రాసినట్టు తెల్లబారి, చలితో పళ్లు టకటకలాడుతున్న వేళ ఆమె నర్సుని బతిమాలింది.

"అమ్మా, ఒక్కసారి ఎవరిదైనా చెయ్యి పట్టుకోనియ్యండమ్మా."

అప్పుడు తొడిగారు ఆమె కుడిచేతికి చేజోడు. ఉల్లిపొర అంత పల్చని తొడుగు. సన్నని తీగతో దానికి కలిపిన జోడీ తొడుగు గోడకి అవతల, ఎక్కడో వేరే గదిలో, వేరే మనిషి చేతికి ఉంటుంది. ఇటు నొక్కితే అటు తెలుస్తుంది. అటు చేతి వెచ్చదనం ఇటు వస్తుంది. దాన్ని తయారుచేసింది డాక్టర్ ఎస్తేరు రాణి. ఆసుపత్రి వెనకే ఆవిడ ప్రయోగశాల. ప్రమాదకరమైన క్రిముల సీసాలని దూరంనుంచి పట్టుకోవడానికి మొదలుపెట్టిన పరికరాన్ని, రోగుల ఏడుపు వినలేక ఇలా మార్చింది.

మొదట్లో అవతల మనిషి అక్కర్లేకుండా చేద్దామని చూసింది ఆవిడ. ఒక నర్సు స్పర్శని యంత్రంలో దాచి దాన్నే అందరికీ పంపింది. నూకరత్నం పక్క గదిలోని ముసలాయన కాసేపు పట్టుకుని, "ఇది నేను నొక్కినా నొక్కకపోయినా ఒకేలాగ నొక్కుతాందండీ. దీనికి నేను లేను," అని తొడుగు పీకి విసిరేశాడు. ఆ మాటతో ఎస్తేరు రాణి బతికున్న చేతుల కోసం పేపర్లో ప్రకటన ఇచ్చింది. వచ్చినవాళ్లు వచ్చారు. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో మాత్రం రహస్యం. తీగ గుండా జ్వరం వస్తుందని భయపడి, అలా వచ్చినవాళ్లలో ఒకామెని అద్దె ఇంట్లోంచి వెళ్లగొట్టారు మరి.

తొడుగు వేసిన మరుక్షణం నూకరత్నం చేతిలోకి ఒక చెయ్యి వచ్చింది. జ్వరం మగతలో ఆమె వేళ్లు తమ పని తాము మొదలుపెట్టాయి. ఆ వేళ్లని దగ్గరకి మడిచాయి, కణుపులు పిసికాయి. ఆడమనిషి చెయ్యే. రెండూ ఆరు సైజు పడుతుంది. బొటనవేలి మొదట్లో ఎముక కాస్త మొండిది, దాన్ని లోపలికి నొక్కితేగాని గాజు దిగదు.

"బిగించకమ్మా, వదులుగా పెట్టు," అంది నూకరత్నం అలవాటుగా.

మాట అవతలికి వినబడదు. అయినా చెయ్యి వదులైంది. ఒక్క క్షణం అలాగే ఉండిపోయి, తర్వాత రెండు రెట్లు గట్టిగా ఆమె చేతిని పట్టుకుంది.

ఎరిగిన చెయ్యే అనిపించింది. ఎవరిదో అందలేదు. జ్వరం బాగా ముదిరిన రోజుల్లో ఆ చెయ్యి వదిలితే ఏ చీకట్లోకో జారిపోతానని ఆమె ఏడ్చేది, పట్టు బిగించేది. ఆ చెయ్యి వదల్లేదు. లేని గాజుల్ని దానికి ఎన్నిసార్లు తొడిగిందో! ఎర్రవి, పచ్చవి, ముత్యాల అంచువి. తొడిగినప్పుడల్లా ఆ చెయ్యి బుద్ధిగా తొడిగించుకునేది. అలా తొడుగుతూ తొడుగుతూనే ఆమె తేరుకుంది.

*

ఇంటికొచ్చాక కొట్టు తెరిచింది. ఆడవాళ్లు రాకపోలేదు. వచ్చి రెండడుగుల అవతల నిలబడేవారు.

"ఆ పళ్లెంలో పెట్టు రత్నం, ఇంటికెళ్లి నేనే ఏసుకుంటాలే."

ఏసుకోవడం రాక సగం పగలగొట్టుకుని, చేతులు కోసుకుని, మళ్లీ వచ్చి కొనుక్కునేవారు. "బేరం రెండింతలైందే!" అని సత్తిరాజు నవ్వించబోయాడు. నూకరత్నానికి నవ్వు రాలేదు.

"పోనీ, నా చెయ్యి పట్టు. నాకు తొడుగు. మీసాలోడికి గాజులేంటని నలుగురూ చూడ్డానికైనా వత్తారు," అని చెయ్యి చాపాడు.

ఆమె సరదాకే ఆ చెయ్యి అందుకోబోయింది. వేళ్లు వణికాయి. తన చర్మంలో ఏ మూలనో ఇంకా జ్వరం దాక్కుందేమో, కట్టుకున్నవాడికి అంటిస్తానేమో అని గుండె ఝల్లుమంది. చెయ్యి వెనక్కి లాక్కుని లోపలికెళ్లిపోయింది. వీధిలో వాళ్లు భయపడటం కాదు, తన చేతులంటే తనకే భయం పట్టుకుందని ఆమెకి ఆ రోజు తెలిసింది. ఇక ఈ చేతులు గాజులు తొడగవేమో అన్న ఆలోచన అన్నం సయించనిచ్చేది కాదు.

ఒకే ఒక్క ధైర్యం, అద్దాల గదిలో పట్టుకున్న ఆ చెయ్యి. అంత భయంకరమైన రోజుల్లో ఒక మనిషి తనని వదల్లేదు. ఆమె ఎవరో కనిపెట్టి ఆ చెయ్యి కళ్లకద్దుకుంటే చాలు, తన చేతులకి మళ్లీ ప్రాణం వస్తుందని ఆమెకో నమ్మకం. అందుకని కొట్టు ముందుకొచ్చిన ప్రతి ఆడమనిషి చేతినీ కళ్లతోనే కొలిచేది. రెండూ ఆరు చేతులు చాలానే ఉన్నాయి. ఆ బొటనవేలు మాత్రం ఎవరికీ లేదు.

అందరిలోకీ ఎక్కువ బాధ పెట్టింది ఎదురింటి అప్పాయమ్మ. వేడి కుండ మీద పూతరేకులు తీయడంలో ఆ చుట్టుపక్కల ఆమెని మించినవాళ్లు లేరు. మొగుడు వీర్రాజు జ్వరం మొదటి విడతలోనే పోయాడు. నూకరత్నం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆమె చెల్లెలింట్లో ఉందని వీధిలో చెప్పుకున్నారు. మిగతావాళ్లు మొహమాటానికైనా దూరంనుంచి నవ్వేవారు. అప్పాయమ్మ నవ్వేది కూడా కాదు. నూకరత్నం గుమ్మంలోకి వస్తే చాలు, కుడిచెయ్యి కొంగులో దాచేసుకుని తలుపేసుకునేది. రేకులు తీయడం కూడా మానేసింది.

"భయం మరి. పిండి ముట్టుకోడానికి కూడా భయమే ఆవిడికి," అన్నారు వీధిలోవాళ్లు.

"ఏం వదినా, నేనంత కానిదాన్నైపోయేనా?" అని నూకరత్నం ఒకసారి అడిగేసింది.

"నాకు పనుంది," అని తలుపేసింది అప్పాయమ్మ.

*

ఆసుపత్రివాళ్లు పరీక్షకి రమ్మంటే నూకరత్నం ఒక్కతే బస్సెక్కి వెళ్లింది. డాక్టర్ ఎస్తేరు రాణి సన్నగా, జుట్టు సగం నెరిసి, నిద్ర చాలని మొహంతో ఉంది. కాగితాలు చూసి, "మీలో జ్వరం జాడ కూడా లేదమ్మా. ఎవరినైనా ముట్టుకోవచ్చు," అంది. అని ఊరుకోలేదు. తొడుగు లేని తన చేతుల్లోకి నూకరత్నం చెయ్యి తీసుకుంది.

నూకరత్నానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ చెయ్యి ఎవరిదో చెప్పండమ్మా. దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాను. ఇంకేం అడగను."

"పేరు చెప్పనని ఆవిడకి మాటిచ్చాను."

"పోనీ, బావుందా అండీ ఆ మనిషి?"

ఎస్తేరు రాణి గాజుపలక కింద జతలు జతలుగా పేర్చిన తొడుగుల వైపు చూసింది.

"ఈ చేజోడు చర్మం కింద నరాల్ని మేలుకొలిపి పనిచేస్తుందమ్మా. కాసేపు వేసుకుంటే ఏం కాదు. లోపల ఉన్నవాళ్లకి మందులో ఒక విరుగుడు ఇస్తాం, బయటివాళ్లకి ఆ మందు పడదు. అందుకని రోజుకి ఇంతసేపే అని గట్టిగా నియమం పెట్టాను. మీకు ప్రాణం మీదకొచ్చినప్పుడు ఆవిడ తొడుగు తీయనంది. తీయబోతే నా చెయ్యి తోసేసింది. 'నేను వదిలితే అది పోతుంది' అంది. నేనూ గట్టిగా లాగలేకపోయాను. మీ నాడి ఆ చేతిని పట్టుకునే కొట్టుకుంటోంది, నాకు తెరమీద కనిపిస్తోంది." ఆవిడ గొంతు తగ్గింది. "ఇప్పుడు ఆ చేతికి స్పర్శ లేదు. వేడీ చల్లనా ఏదీ తెలీదు. తిరిగొస్తుందో రాదో నాకూ తెలీదు. దానికి మందు కనిపెట్టేదాకా కొత్తవాళ్లెవరికీ ఇది తొడగనని తాళం వేశాను."

నూకరత్నం బస్సులో దారంతా ఏడుస్తూనే ఉంది. ఒక చెయ్యి చచ్చిపోయి తన చేతుల్ని బతికించింది. బతికిన చేతులేమో భయంతో ఒళ్లో ముడుచుకు కూర్చున్నాయి. ఆ అమ్మ ఎక్కడుందో గానీ, ఈ సంగతి తెలిస్తే ఎంత నొచ్చుకుంటుందో అనుకుంది. ఇల్లు చేరగానే, కొట్టు కట్టేస్తున్న సత్తిరాజు చెయ్యి గభాలున పట్టుకుంది. ఆమె వేళ్లు వణికాయి. అయినా వదల్లేదు.

*

వీధి చివర మంగతాయారు కోడలు లిఖితకి సీమంతం పెట్టుకున్నారు. సీమంతానికి వీధి గాజులమ్మని పిలవకపోతే అరిష్టం. పిలిచి చెయ్యివ్వాలంటే భయం. మంగతాయారు మధ్యేమార్గంగా ఆలోచించి, "నువ్వొచ్చి కూచో రత్నం, చీరా తాంబూలం పుచ్చుకో, గాజులు మావాళ్లే తొడుగుతారులే," అని కబురంపింది.

నూకరత్నం తలస్నానం చేసి, గాజుల మలారం బుజానేసుకుని వెళ్లింది. చాప మీద కూర్చుని పచ్చగాజులు వరసగా సర్దింది. సావిట్లో నిండా ఆడవాళ్లు. కుర్చీలో కూర్చున్న లిఖిత ముందుకి వంగబోతే ఆమె మేనత్త బుజం పట్టి ఆపింది. ఎవరూ కదల్లేదు. నూకరత్నం ఒళ్లో గుడ్డ పరుచుకుని, చెయ్యి చాపి, ఆ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేక అలాగే ఉండిపోయింది. ఇవాళ ఈ చెయ్యి ఖాళీగా వెనక్కి వెళితే ఇక ఎప్పటికీ ఖాళీయే అని ఆమెకీ తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు.

అదే సమయానికి పెరటి వంటసాల నుంచి అప్పాయమ్మ వచ్చింది. భర్త పోయినవాళ్లు గాజుల పేరంటంలో కూర్చోరు, వంట దగ్గర సాయం చేస్తారు. ఎడంచేత్తో ఆకుదొన్నెలు, కుడిచేత్తో పరమాన్నం గిన్నె అంచు పట్టుకుని గోడవారగా నడుస్తోంది. గిన్నె పొయ్యి మీద నుంచి అప్పుడే దింపింది, పైన ఇంకా కుతకుతలాడుతోంది. మసిగుడ్డ కూడా లేదు.

"చూడండే, ఆ చేతికి వేడి లెక్కే లేదు. రేకులు తీసీ తీసీ కాయలు కాసేయి," అని ఎవరో నవ్వారు.

నూకరత్నం కూడా ఒక్క క్షణం అలాగే అనుకుంది. మరుక్షణం ఆమె చూపు ఆ వేళ్ల మీద పడింది. కొసలు ఎర్రగా కందిపోతున్నాయి. వేడికి అలవాటుపడ్డ చెయ్యి అయినా కాలితే పట్టు మార్చుకుంటుంది, మొహంలో నరం కదులుతుంది. అప్పాయమ్మ మొహం నీళ్లబిందె మోస్తున్నట్టు ఉంది.

నూకరత్నం గాజుల మీదుగా దూకింది. గిన్నె లాగి కింద పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని పక్కనున్న నీళ్ల చెంబులో ముంచింది.

"వదులే! నన్ను ముట్టుకోకు!" అంది అప్పాయమ్మ, చెయ్యి లాక్కోబోతూ.

నూకరత్నం వదల్లేదు. నీళ్లలో ఆమె వేళ్లు తెలియకుండానే ఆ వేళ్లని దగ్గరకి మడిచాయి. రెండూ ఆరు. బొటనవేలి మొదట్లో ఆ మొండి ఎముక.

"నువ్వా వదినా?"

అప్పాయమ్మ తల వంచుకుంది.

తన పెళ్లైన కొత్తలో ఈ చేతికి తొడిగిన గాజులన్నీ నూకరత్నానికి గుర్తొచ్చాయి. వీర్రాజు పోయాక వీధిలో అందరి చేతులూ లెక్కలో ఉన్నాయి, ఈ ఒక్క చెయ్యి తప్ప. గాజులు లేని చేతిని గాజులమ్మ మర్చిపోయింది. అందుకే ఊరంతా వెతికి ఎదురింట్లో వెతకలేదు.

"చెల్లెలింటికని చెప్పి ఆసుపత్రికొచ్చేవా?"

"మా ఆయన పోయినప్పుడు చెయ్యి పట్టుకోనివ్వలేదే," అంది అప్పాయమ్మ మెల్లగా. "సంచిలో చుట్టి ఇచ్చేరు. అప్పట్లో ఈ తొడుగులేవీ లేవు. పేపర్లో చూసి, ఎవరో ఒకరిదైనా పట్టుకుందారని ఎల్లేను. అవతల ఎవరున్నదీ చెప్పలేదు. తొడిగిన ఎంటనే నువ్వు నా వేళ్లు మడిచి పిసికేవు. నా చెయ్యి అలా పిసికేది ఈ లోకంలో నువ్వొక్కత్తివే. ఎన్నాళ్లైందే ఎవరైనా నా చెయ్యి అలా పట్టుకుని! మరింక ఎలా వదులుతాను?"

"మరి ఇంటికొచ్చేక తలుపులెందుకేసుకున్నావు?"

"పట్టుకుంటే తెలుసుకుంటావని. తెలిస్తే ఈ చెయ్యి చూసి జీవితాంతం కుమిలిపోతావని."

వీధి ముట్టుకోవడానికి జడిసే మనిషి ఒకరు, శుభకార్యంలో ఎదురురాకూడదనుకునే మనిషి ఒకరు, ఇద్దరూ నీళ్ల చెంబు దగ్గర చతికిలబడి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడుస్తున్నారు. నూకరత్నం ఆ చెయ్యి పైకి తీసి, కళ్లకద్దుకుంది. కొంగుతో అద్ది, కందిన కొసలకి తేనె రాయించింది. తర్వాత చాప మీదకి లాక్కొచ్చి కూర్చోబెట్టి, పచ్చగాజులు అందుకుంది.

"రత్నం, అవి కోడలి గాజులు... ముందు దానికి..." అని మంగతాయారు నసిగింది. ఆమె అనాలనుకున్నది అది కాదని అందరికీ తెలుసు.

"ఈ చెయ్యి లేకపోతే మీ కోడలికి తొడగడానికి నేనే లేనండీ," అంది నూకరత్నం. గొంతు పెద్దది చేయలేదు. "ఆవిడ జ్వరంలో నన్ను పట్టుకుంది. వదిలెయ్యమని డాక్టరమ్మ చెప్పినా పట్టుకుంది. ఇంతకన్నా శుభమైన చెయ్యి ఈ వీధిలో ఎవరికుందో చూపించండి, ముందు వాళ్లకే తొడుగుతాను."

లిఖిత కుర్చీలోంచి దిగింది. మేనత్త పట్టుకోబోతే తప్పించుకుని, బరువు పొట్టతో నెమ్మదిగా వచ్చి చాప మీద అప్పాయమ్మ పక్కన కూర్చుంది. "నేనీవిడ తర్వాతే తొడిగించుకుంటాను అత్తయ్యా," అని తన చెయ్యి కూడా నూకరత్నం ఒళ్లో పెట్టి ఉంచింది.

మంగతాయారు పసుపు గిన్నె తెచ్చి, తనే ఆ ముగ్గురి పక్కన చోటు చేసుకుని కూర్చుంది.

నూకరత్నం అప్పాయమ్మ వేళ్లు జాగ్రత్తగా మడిచింది. బొటనవేలి ఎముకని లోపలికి నొక్కింది. అద్దాల గదిలో లేని గాజులు తొడిగిన దారిలోనే ఉన్న గాజులు ఒక్కొక్కటీ జారాయి. ఒక్కటీ పగల్లేదు. లిఖిత చేతులయ్యేసరికి మేనత్త వచ్చి కూర్చుంది. ఆ వెనక "నాకు ఎర్రవి" "నాకు రెండూ నాలుగు" అని గొడవ మొదలైంది. "ఎవరత్తగారి కబురు ముందు చెప్పమంటారు?" అని నూకరత్నం అడిగేసరికి అందరూ గొల్లుమన్నారు. ఆమె చేతులు వణకడం ఎప్పుడు మానేశాయో ఆమే గమనించలేదు. మనసులో మాత్రం పేరుపేరునా అందరికీ దణ్ణం పెట్టుకుంటోంది, క్యారేజీలు పంపినవాళ్లకీ, మొక్కుకున్నవాళ్లకీ, ఇంత ఆలస్యంగా అయినా చెయ్యిచ్చినవాళ్లకీ.

పక్కన అప్పాయమ్మ కొత్త గాజుల్ని ఎడంచేత్తో తడిమి చూసుకుంటోంది. నూకరత్నం ఆమె వైపు తిరిగింది.

"బిగుతుగా ఏమన్నా ఉన్నాయా వదినా?"

అప్పాయమ్మ కుడిచెయ్యి చెవి దగ్గరికి ఎత్తుకుని మెల్లగా ఊపింది. మళ్లీ ఊపింది.

"బిగుతో వదులో నాకు తెలీదే రత్నం," అంది. "చప్పుడు మాత్రం వినపడతాంది."